కిలో ఉల్లిపాయల లెక్క

భువనేశ్వర్ వెళ్ళి హోటల్ మేనేజ్‌మెంట్ కోర్సు చెప్పే సంస్థ ఒకదాన్ని చూసి వచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా వీధిలో అందరిదీ ఒకటే మాట: "వంట నేర్చుకోవడానికి అంత దూరం దేనికమ్మా, మీ ఇంట్లోనే ఉంటేనూ!" ఉంది, కాదనను. మా నాన్న పర్లాకిమిడిలో పెళ్ళివంటల మేస్త్రి. ఆయనకు ముందు మా తాత. గాడిపొయ్యి పొగ, ఇత్తడి గుండిగల చప్పుడు, తెల్లవారుజామున బూరెల మూకుడు చుట్టూ జరిగే వాదనలు, ఇవన్నీ నాకు అక్షరాలకంటే ముందే తెలుసు. కాబట్టి పెద్ద వంటగది కనిపించగానే నోరు వెళ్ళబెట్టే రకాన్ని కాను. వీళ్ళు నాకు కొత్తగా ఏం చూపిస్తారో చూద్దాం అన్న ధీమాతోనే రైలెక్కాను.

మా ఊరు తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పర్లాకిమిడి ఒడిశాలో గజపతి జిల్లాకు కేంద్రం. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే శ్రీకాకుళం జిల్లా. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది మా ఊళ్ళోనే. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మధ్యలో గీత పడింది కానీ, పెళ్ళిభోజనాలు ఆ గీతను ఖాతరు చేయలేదు. ఒక్కో పెళ్ళిలో సగం బంధువులు పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం ఏవని అడుగుతారు. మిగతా సగం డాల్మా కోసం, ఖజూరీ ఖట్టా కోసం చూస్తారు. పప్పులోనే అరటికాయ, గుమ్మడి, బొప్పాయి ముక్కలు ఉడికించి, దించే ముందు వేయించిన జీలకర్ర, ఎండుమిరపకాయల పొడి చల్లేది డాల్మా. టమాటా, ఖర్జూరాలు వేసిన తీపి పులుపు పచ్చడి లాంటిది ఖట్టా. నాన్న పొయ్యిలు పక్కపక్కనే తవ్వించి రెండు పక్షాలకూ వండిస్తారు. ఒడియా వంట చేసే మావయ్యకూ, తెలుగు వంట చేసే మావయ్యకూ జల్లిగరిటె దగ్గర జరిగే తగాదా వేరే టపా రాయదగ్గ సంగతి.

మమ్మల్ని తీసుకెళ్ళింది మా కాలేజీ కామర్స్ మాస్టారు. ప్లస్ టూ తర్వాత బ్యాంకు కోచింగ్ తప్ప ఇంకో దారి ఉంటుందని మాకు చూపించాలని ఆయన తాపత్రయం. గుణుపూర్ నుంచి వచ్చే బండికి ఒక తమాషా ఉంది. ఒడిశావాళ్ళను ఒడిశా రాజధానికి చేర్చడానికి ముందు ఆంధ్రాలోకి దింపుతుంది. పాతపట్నం, టెక్కలి, నౌపడ, పలాస, ఇచ్ఛాపురం అన్నీ తిప్పి బరంపురం దగ్గర మళ్ళీ సొంత రాష్ట్రంలోకి తెస్తుంది. నేను మాత్రం పలాస తర్వాత నిద్రపోయాను.

ముందు ట్రైనింగ్ కిచెన్‌లోకి తీసుకెళ్ళారు. మొదటి సంవత్సరం విద్యార్థులు తెల్ల కోట్లు, టోపీలు, ముందు భాగం మూసి ఉన్న నల్ల బూట్లతో బల్లల ముందు నిలబడి ఉన్నారు. కోటు ముందువైపు రెండు పొరలుగా ఎందుకు కుడతారో ఒక అబ్బాయి చెప్పాడు: పైపొర మీద మరకపడితే తిప్పి గుండీలు పెట్టుకోవచ్చట. ఇది నాన్నకు చెబితే నవ్వుతారని అప్పుడే అనుకున్నాను, ఆయన ఒంటి మీద తువ్వాలు తప్ప ఏమీ ఉండదు. బల్లల మీద రంగురంగుల బోర్డులు. ఆకుపచ్చవి కూరగాయలకు, ఎర్రవి పచ్చి మాంసానికి, నీలంవి చేపలకు. పచ్చి మాంసం కోసిన బోర్డు మీద పొరపాటున కూడా కీరా ముక్క పడకూడదని ఈ ఏర్పాటు. చదువు రానివాడికి కూడా రంగు తెలుస్తుంది కదా, ఇది మన వంటశాలల్లో రేపటినుంచే పెట్టుకోవచ్చు అనిపించింది.

నాకు కత్తి ఇచ్చి క్యారెట్ తరగమన్నారు. మా ఇంట్లో కత్తిపీట. కత్తి కదలదు, కాయ కదులుతుంది. ఇక్కడ కాయను బోర్డుకు అదిమిపెట్టి కత్తిని నడపాలి. వేళ్ళ కొసలు లోపలికి మడిచి, కణుపులకు కత్తి రేకు ఆనించి, ముక్క తెగినకొద్దీ చేతిని వెనక్కి జరపాలి. జూలియన్ అనే కోతలో ప్రతి ముక్కా అగ్గిపుల్లంత ఉండాలి, అన్నీ ఒకేలా. కత్తిపీట ముందు కూర్చుని ఊళ్ళో సంగతులు మాట్లాడుకుంటూ మా ఆడవాళ్ళు కంద తరిగే వేగం వీళ్ళలో ఎవరికీ లేదు, అది మాత్రం ఘంటాపథంగా చెప్పగలను. కానీ వీళ్ళ ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే తేడా కనిపించదు. ఒకే కొలత ఎందుకంటే ఒకేసారి ఉడకడానికి. ఈ మాట నాన్న కూడా అంటారు, వేరే రకంగా: "కంద ముక్క లావైతే, అది ఉడికేసరికి బచ్చలి గుజ్జైపోతుంది."

ఇంతవరకూ నన్ను కదిలించేంత కొత్త ఏమీ లేదు. ఆ తర్వాత వంట చెప్పే మేడమ్ బల్ల మీద తక్కెడ పెట్టారు.

సరిగ్గా కిలో ఉల్లిపాయలు తూచి ఇచ్చి ఒలవమన్నారు. తొక్క తీసి, తలా తోకా కోసేసి, పై పొర ఎండిపోయినవి పక్కన పడేశాక మళ్ళీ తూచారు. 880 గ్రాములు. ఇప్పుడు బోర్డు మీద లెక్క వేశారు. కిలో నలభై రూపాయలకు కొన్నాం. చేతికి వచ్చింది 880 గ్రాములే కాబట్టి, గిన్నెలో పడే ఉల్లిపాయ అసలు ధర కిలో నలభై అయిదున్నర. "బజారు ధరతో లెక్క కట్టే వంటవాడు ప్రతి కిలోకూ అయిదున్నర రూపాయలు జేబులోంచి పెడుతున్నట్టు" అన్నారు మేడమ్. పక్కన నా స్నేహితురాళ్ళు తక్కెడ ఫొటో తీసుకుంటున్నారు. నాకు మాత్రం ఒళ్ళు జల్లుమంది, ఎందుకంటే ఆ వంటవాడు మా నాన్న.

ఆ లెక్క అక్కడితో ఆగలేదు. ప్రతి వంటకానికీ వాళ్ళ దగ్గర ఒక కార్డు ఉంటుంది. ఎంతమందికి, ఏ దినుసు ఎన్ని గ్రాములు, ఒలిచాక ఎంత, దాని ధర ఎంత, వండాక మొత్తం బరువు ఎంత, ఒక్కరికి వడ్డించేది ఎంత. చివర్లో ప్లేటుకు పడిన ఖర్చు. హోటళ్ళలో సాధారణంగా దినుసుల ఖర్చు అమ్మకం ధరలో మూడో వంతుకు అటూ ఇటూగా ఉండేలా చూస్తారట. మిగతా రెండు వంతుల్లో జీతాలు, గ్యాసు, అద్దె, విరిగిన గాజు గ్లాసులు, లాభం. ఎవరు వండినా, ఏ రోజు వండినా రుచి మారకుండా ఉండటం ఆ కార్డు ఉపయోగం అని పుస్తకంలో ఉంటుందట. మేడమ్ ఇంకొకటి కలిపారు: యజమానితో మాట్లాడేటప్పుడు చేతిలో కాగితం ఉంటుంది.

నాన్న బేరం ఎలా జరుగుతుందో చెప్పాలి. పెళ్ళివారు వస్తారు. ఆకుకు, అంటే ఒక్కరి భోజనానికి, ఎంత అని అడుగుతారు. నాన్న పైకప్పు వంక చూస్తారు, వేళ్ళ కణుపుల మీద బొటనవేలు నడిపిస్తారు, ఒక అంకె చెబుతారు. ఆ అంకె దాదాపు ఎప్పుడూ సరైనదే, ఐదొందల మందికి ఎన్ని కిలోల బియ్యం, ఎన్ని గుమ్మడికాయలు, ఎన్ని డబ్బాల నూనె అన్నీ అందులో ఉంటాయి. కానీ అటువైపు పెద్దమనిషి "మరీ అంతా? ఇరవై తగ్గించండి మేస్త్రిగారూ" అంటే ఈయన దగ్గర జవాబు ఉండదు. ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో చూపించడానికి కాగితం లేదు. "సరే, మీ ఇష్టం" అంటారు. లగ్గాల రోజుల్లో ఉల్లి ధర పెరిగితే ఆ బరువు ఆయనే మోస్తారు. మా అమ్మ ఎన్నిసార్లు కోప్పడినా మారలేదు. ఇన్నేళ్ళూ నాన్నది మెతకతనం అనుకునేవాళ్ళం ఇంట్లో. నన్నడిగితే అందులో సగం, రాతలో లేని లెక్క.

మధ్యాహ్నం అన్నం గురించి ఒక పాఠం జరిగింది. వండిన పదార్థం 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంటే సూక్ష్మజీవులు పెరుగుతాయని, అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనేదాని బీజాలు ఉడికించినా చావవని, గుండిగలో కుప్పగా వదిలేసిన అన్నం నడిమధ్యన గంటల తరబడి గోరువెచ్చగా ఉండి వాటికి అనువుగా తయారవుతుందని చెప్పారు. అందుకని లోతు తక్కువ పళ్ళేల్లో పలచగా పరిచి త్వరగా చల్లార్చాలట. నేను చెయ్యెత్తాను. పులిహోరకు మా నాన్న అన్నాన్ని ఉతికిన పంచెల మీద పరుస్తారని, ఎందుకని అడిగితే మెతుకు మెతుకు విడివిడిగా ఉండటానికి అంటారని చెప్పాను. "ఎంత మందంలో పరుస్తారు?" అని మేడమ్ అడిగారు. నాలుగు వేళ్ళ మందం. ఆవిడ తన విద్యార్థుల వైపు తిరిగి, ఇంకా పలచగా పరిస్తే మేలని, పైగా చింతపండు పులుపు, నూనె పోపు కూడా తోడవుతాయని, పెళ్ళిళ్ళలో పులిహోర సాయంత్రందాకా నిలబడటంలో వీటి పాత్ర ఉందని వివరించారు. ఆ కాసేపు నేను మేస్త్రిగారి తరఫు ప్రతినిధినన్నమాట.

భోజనాల హాలు గురించి ఎక్కువ రాయను. ఫోర్కు ఎడమవైపు, కత్తి కుడివైపు, కత్తి పదును ప్లేటు వైపు, గ్లాసు కత్తి మొనకు ఎదురుగా. ఒక్కో మనిషికి బల్ల మీద రెండడుగుల వెడల్పు. చేతి రుమాళ్ళను హంసలు, పద్మాలు చేయడం చూసి మావాళ్ళు మురిసిపోయారు. నాకు అది కాలయాపనలా అనిపించింది. బంతిలో నూరు ఆకులకు నెయ్యి చల్లారకుండా వడ్డించడం వీళ్ళు ఒకసారి చూడాలి.

హౌస్‌కీపింగ్ గదిలోకి వెళ్ళేసరికి మావాళ్ళ ముఖాలు మారాయి. అక్కడ నిజమైన హోటల్ గదిలాంటి గది ఒకటి కట్టి ఉంచారు. మూడో సంవత్సరం అమ్మాయి పక్క పరిచి చూపించింది. దుప్పటి మూలను ఎత్తి, నలభై అయిదు డిగ్రీల మడత పెట్టి, పరుపు కిందికి దోపితే అంచు గీత గీసినట్టు వచ్చింది. గదిని పైనుంచి కిందికి, లోపలి మూలనుంచి తలుపు వైపు శుభ్రం చేసుకుంటూ రావాలి, అప్పుడే తుడిచిన చోట మళ్ళీ అడుగు పడదు. ఒక్కో మనిషి ఒక్కో షిఫ్టులో పది పన్నెండు గదులకు పైనే చేస్తారట. చివర్లో సూపర్‌వైజర్ వచ్చి సింకులో ఒక్క వెంట్రుక చూసినా ఆ గది అతిథికి ఇవ్వరు.

"ఇంటర్ చదివి పక్కలు దులపాలా?" అని మా బ్యాచ్‌లో ఒకమ్మాయి నా చెవిలో గొణిగింది. ఆ గొణుగుడు ఎక్కడినుంచి వచ్చిందో మా అందరికీ తెలుసు. మన ఇళ్ళల్లో పక్క దులపడానికి, స్నానాలగది కడగడానికి ఎవరిని పిలుస్తామో, వాళ్ళను ఎంత దూరంలో నిలబెడతామో చూస్తూనే పెరిగాం. నాకు వంటగదికంటే ఈ గదే ఎక్కువ నచ్చింది, కారణం మాత్రం గొప్పదేమీ కాదు. నా పని బాగుందో లేదో ఇక్కడ కంటికి కనిపిస్తుంది. రుచి విషయంలో పదిమంది పది మాటలంటారు, దుప్పటి మడత విషయంలో అనలేరు.

ఫ్రంట్ ఆఫీసులో, అంటే వచ్చిన అతిథికి గది ఇచ్చే కౌంటరు దగ్గర, ఒక చిన్న నాటకం ఆడించారు. లెక్చరర్‌గారే కోపంగా ఉన్న అతిథి. గది బుక్ చేసుకుని వస్తే ఇంకా సిద్ధం కాలేదు. కౌంటరు వెనక ఎవరు నిలబడతారంటే మాస్టారు నన్ను ముందుకు తోశారు. లెక్చరర్‌గారు మొదట ఇంగ్లీషులో గదమాయించారు, నా జవాబు నత్తినత్తిగా వచ్చింది. హిందీలోకి మారారు, కాస్త నయం. ఒడియాలో అడిగారు, అది బడి భాష కాబట్టి ఇబ్బంది లేదు. ఉన్నట్టుండి "మాకు చిన్నపిల్ల ఉందండీ, ఎంతసేపు నిలబెడతారు?" అని తెలుగులో అన్నారు. ఆయన బరంపురం మనిషని అప్పుడు తెలిసింది. నేను "అయ్యో, ముందు పాపకు పాలు తెప్పిస్తానండీ, మీరు కూర్చోండి, గది సంగతి నేను చూస్తాను" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన మాత్రం కొట్టలేదు. "పాలు సరే, గది ఎన్ని నిమిషాల్లో ఇస్తావో చెప్పలేదు" అన్నారు. నాకు ఆయన నచ్చారు. విదేశీ అతిథి దిగితే 24 గంటల్లో ప్రభుత్వానికి వివరాలు పంపాలని కూడా ఆయనే చెప్పారు, మర్యాదతోపాటు కాగితాలు కూడా ఆ కౌంటరు పనేనని.

ఆయన చెప్పిన ఇంకో ముచ్చట మా ప్రాంతానిదే. 1922లో సిమ్లాలోని సెసిల్ హోటల్లో గుమాస్తాగా చేరిన మోహన్ సింగ్ ఒబెరాయ్ తర్వాత హోటళ్ళ సామ్రాజ్యం కట్టారు. మా గోపాలపూర్ సముద్రం ఒడ్డున 1914 నాటి పామ్ బీచ్ హోటలు చాలాకాలం వాళ్ళదే, ఇప్పుడు మేఫెయిర్ అనే హోటళ్ళ సంస్థ వాళ్ళు నడుపుతున్నారు. ఎన్నిసార్లు ఆ గోడ పక్కన నిలబడి వేరుశనక్కాయలు తిన్నామో! లోపల ఏం జరుగుతుందని ఎప్పుడూ అనుకోలేదు.

క్యాంటీన్‌లో కోరాపుట్ జిల్లా జయపురం నుంచి వచ్చిన సీనియర్ అక్క దొరికింది. వాళ్ళ ఇంట్లో తెలుగే. మాస్టారు లేనప్పుడు అసలు సంగతులు చెప్పింది. రెండో సంవత్సరంలో ఒక సెమిస్టరు పెద్ద హోటల్లో పనిచేయాలి. మొదటి వారాలన్నీ వెల్లుల్లి ఒలవడంతోనే గడిచాయట. పది గంటలపైన నిలబడితే కాళ్ళు వాచేవట, స్టైపెండు చేతి ఖర్చులకే సరిపోయేదట. "దసరాకు, సంక్రాంతికి ఇంటికి రావడం మర్చిపో. ఊరంతా సెలవు పెట్టినప్పుడే మనకు పని" అంది. ఇది విని మావాళ్ళు నీరుగారిపోయారు. నాకు ఇందులో వింత కనిపించలేదు. మా సొంత బంధువుల పెళ్ళిళ్ళలో కూడా నాన్న ఆఖరి బంతిలోనే కూర్చుంటారు.

దరఖాస్తు సంగతులు అడిగినవాళ్ళ కోసం: చాలా ప్రభుత్వ హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థలకు పాఠ్యప్రణాళిక చూసేది 1982లో కేంద్రం పెట్టిన జాతీయ మండలి, ఎన్‌సీహెచ్‌ఎంసీటీ. బీఎస్సీ హాస్పిటాలిటీ కోర్సు మూడేళ్ళు. దానికి ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ అనే ప్రవేశ పరీక్షను ఎన్‌టీఏ అనే జాతీయ పరీక్షల సంస్థ కంప్యూటర్ మీద నిర్వహిస్తుంది. ప్లస్ టూ ఏ గ్రూపైనా చాలు, ఇంగ్లీషు ఒక సబ్జెక్టుగా ఉండాలి. పరీక్షలో లెక్కలు, రీజనింగ్, జీకే, ఇంగ్లీషుతోపాటు సేవారంగానికి మనం తగుతామా అని చూసే ప్రశ్నలు కూడా ఉంటాయి. అంత చదువు వద్దనుకునేవాళ్ళకు చిన్న డిప్లొమాలు ఉన్నాయి. పర్యాటక శాఖ వాళ్ళ హునర్ సే రోజ్‌గార్ తక్ అనే పథకం ఎనిమిదో తరగతి చదివినవాళ్ళ కోసం కొన్ని వారాల ఉచిత శిక్షణగా మొదలైంది. నాన్న దగ్గర గిన్నెలు తోమే ఇద్దరు కుర్రాళ్ళకు ఇది ఇప్పుడు నడుస్తోందేమో కనుక్కోవాలి. వాళ్ళిద్దరిలో ఒకడు బూరెలు నాన్నకంటే బాగా వేస్తాడు, ఈ మాట నాన్న చదవరు కాబట్టి రాస్తున్నాను.

ఇంటికి వచ్చాక సభ జరిగింది. మామ్మకు వంట ఫరవాలేదు, పక్కలు దులపడం వద్దు. అమ్మకు రెండూ ఫరవాలేదు, రాత్రి షిఫ్టు వద్దు. నాన్నకు ఏదీ ఫరవాలేదనలేం, ఏదీ వద్దనీ అనలేం. "పొయ్యి దగ్గర మా తరంతో ఆగిపోవాలనుకున్నానమ్మా" అన్నారు. తన కూతురు ఏసీ గదిలో కుర్చీలో కూర్చోవాలని ఆయన కోరిక. ఆ హోటల్ వంటగదుల్లో ఏసీ ఉంటుందా అని అడిగారు. పొయ్యిల దగ్గర ఉండదని నిజమే చెప్పాను.

తర్వాత తక్కెడ తెచ్చాను. ఉల్లిపాయల లెక్క ఆయన ముందే వేసి చూపించాను, మా ఉల్లిపాయలకు 870 గ్రాములే వచ్చింది. నాన్న ఏమీ అనకుండా కాసేపు వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకున్నారు. వచ్చే నెల కాశీనగర్‌లో ఒక పెళ్ళి ఒప్పుకున్నారు, అడ్వాన్సు తీసుకున్నారు కానీ ఆకుకు ఎంతో ఇంకా తేలలేదు. ఆ పట్టీ నన్ను రాయమన్నారు. ఉల్లి, కంద, పనసపొట్టు, అరటికాయ అన్నిటికీ తరుగు, అంటే ఒలిచాక పోయే బరువు, వేసి, డాల్మాకూ దప్పళానికీ వేర్వేరు కాగితాలు రాశాను. వెల్లుల్లి దగ్గర మాత్రం పేచీ వచ్చింది. నేను తూచి చూసి తరుగు పదిహేను శాతం వేశాను. మావాళ్ళు రెబ్బల్ని గోనెసంచిలో వేసి నలిపి చేటతో చెరిగేస్తారని, చిన్న రెబ్బలు కూడా పోవని, పది మించదని నాన్న. సంచిలో నలిపినప్పుడు చితికిపోయినవి ఏ లెక్కలో వేయాలని నేను. ఒడియా మావయ్య నా పక్షం, తెలుగు మావయ్య నాన్న పక్షం. ఆదివారం రెండు కిలోలు తెప్పించి రెండు రకాలుగానూ ఒలిచి తూచాలని నిర్ణయమైంది, ఒలిచే పని మాత్రం నాకే పడింది.